పాత పట్టుచీర, కోలుకుంటున్న చెయ్యి

చాలా ఇళ్ళ బీరువాల్లో అమ్మ పెళ్ళినాటి పట్టుచీర ఒకటి ఉంటుంది. కట్టుకోవడానికి పనికిరాదు, పారేయడానికి మనసొప్పదు. ఒకప్పుడు జరీ కొనేవాడు వీధిలో కేక వేసేదాకా అది అలాగే ఉండేది. ఇప్పుడు అదే చీరను మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి పట్టులంగాగా, మిగిలిన ముక్కను పొట్లీ సంచిగా, అంచును కొత్త నూలు డ్రెస్సు మీదికి కుట్టించుకుంటున్నారు. ఊళ్ళలో, పట్టణాల్లో ఈ పనికి గిరాకీ ఉంది. షాపు అద్దె అక్కర్లేదు, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. అందుకే పెద్ద జబ్బు నుంచి లేచిన ఆడవాళ్ళకు చుట్టుపక్కలవాళ్ళు ఇచ్చే మొదటి సలహా కూడా ఇదే అవుతోంది: "ఊరికే కూర్చుంటే దిగులు. నీకు కుట్టు వచ్చుగా, ఏదో ఒకటి మొదలుపెట్టు."

సలహా మంచిదే. కాకపోతే కుట్టు తేలిక పని అనుకుని ఇచ్చే సలహా అది. రోజుకి ఎనిమిది గంటలు మెషీన్ మీద వంగినవాళ్ళెవరూ ఆ మాట అనరు. ఆరోగ్యంగా ఉన్న మనిషి పెట్టుబడిగా డబ్బు లెక్క వేసుకుంటుంది. కోలుకుంటున్న మనిషి ముందు ఓపిక లెక్క వేసుకోవాలి, డబ్బు లెక్క దాని వెనకాల రావాలి. ఏ వస్తువు కుట్టాలి, ఎంత ధర చెప్పాలి, ఏ పండక్కి ఆర్డరు ఒప్పుకోవాలి, అప్పు చెయ్యాలా వద్దా, అన్నీ ఈ ఒక్క లెక్క నుంచే తేలతాయి.

జబ్బులు చాలా ఉన్నాయి కాబట్టి ఇక్కడ రొమ్ము క్యాన్సర్‌నే తీసుకుంటాను. మన దేశంలో ఆడవాళ్ళకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే సుమారు 1.92 లక్షల కొత్త కేసులు. అంతకంటే ముఖ్యమైన కారణం ఒకటుంది. ఈ జబ్బుకు చేసే వైద్యం తన గుర్తుల్ని సరిగ్గా కుట్టుపనికి కావలసిన చోట్లలోనే వదిలిపెడుతుంది: భుజం, చెయ్యి, వేళ్ళు.

ఒక్కొక్కటే చూద్దాం. ఆపరేషన్‌లో చంకలోని లింఫు గ్రంథులు తీసేసినప్పుడు ఆ చేతిలోని నీరు పైకి పోయే దారి దెబ్బతింటుంది. కొందరికి వెంటనే, కొందరికి ఏళ్ళ తర్వాత చెయ్యి వాస్తుంది. దీన్ని లింఫెడీమా అంటారు. ఈ క్యాన్సర్‌కి వైద్యం చేయించుకున్నవాళ్ళలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి ఇది వస్తుందని చాలా అధ్యయనాలను కలిపి చూసిన లెక్క. గ్రంథులన్నీ కాక ఒకటో రెండో మాత్రమే తీసినవాళ్ళకు ప్రమాదం చాలా తక్కువ. కాబట్టి మీకు ఏది చేశారో డిశ్చార్జి కాగితంలో చూసుకోండి, లేదా డాక్టర్నే అడగండి. ఆ వైపు చేతికి సూది గుచ్చుకున్నా, ఇస్త్రీపెట్టె చురుక్కుమన్నా మామూలుగా తుడిచేసుకునే విషయం కాదు. చిన్న గాయంలోంచి సూక్ష్మజీవులు చేరితే చెయ్యంతా ఎర్రబడి, వేడెక్కి, జ్వరం రావచ్చు. అందుకే చేతికుట్టు వేసేటప్పుడు వేలికి లోహపు టోపీ తప్పనిసరి. మన టైలర్లలో దాన్ని తొడుక్కునేవాళ్ళు తక్కువే, అలవాటు చేసుకోవాల్సిందే.

ఇక వేళ్ళు. పాక్లిటాక్సెల్ లాంటి కీమో మందుల వల్ల చాలామందికి వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి. నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, కొందరికి పూర్తిగా పోదు. తిమ్మిరి వేళ్ళతో పట్టును పట్టుకోవడం కష్టం, అది జారిపోతుంది. ఇస్త్రీపెట్టె వేడి తెలియదు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: తిమ్మిరి పాదాలకు కూడా వస్తుంది. "ఓపిక లేదుగా, మెషీన్‌కి మోటారు పెట్టించుకో" అంటారు. మోటారు వేగాన్ని పాదంతోనే అదుపు చెయ్యాలి. పాదానికి స్పర్శ సరిగా లేకపోతే ఎంత నొక్కుతున్నారో తెలియదు, గుడ్డ సర్రున లాగేసుకుంటుంది, వేలు సూది కిందికి పోతుంది. స్పర్శ తిరిగొచ్చేదాకా పాత తొక్కుడు మెషీనే మేలు. దాని వేగం మీ కాళ్ళు కదిలినంతే.

కీమో అయ్యాక ఏళ్ళ తరబడి వేసుకునే మాత్రలు మూడో సంగతి. నెలసరి ఆగిపోయినవాళ్ళకు ఇచ్చే లెట్రోజోల్ లాంటి మాత్రల వల్ల కీళ్ళు పట్టేస్తాయి, ముఖ్యంగా పొద్దున లేవగానే. పిడికిలి బిగించలేరు. కాబట్టి బరువైన కత్తెర పని పొద్దున్నే పెట్టుకోకూడదు. ఇల్లు సర్దుకుని, వేళ్ళు కాస్త వదులయ్యాక పదకొండు గంటలకు కత్తెర పట్టుకుంటే గీత సూటిగా వస్తుంది.

ఇవన్నీ చదివి చెయ్యి కదపకుండా కూర్చోవాలేమో అనుకోకండి. ఒకప్పుడు డాక్టర్లు అలాగే చెప్పేవారు: ఆ చేత్తో బిందె ఎత్తొద్దు, బరువు మొయ్యొద్దు అని. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం ఆ నమ్మకాన్ని కదిలించింది. పర్యవేక్షణలో కొంచెం కొంచెంగా బరువులు పెంచుతూ వ్యాయామం చేసిన స్త్రీలకు వాపు పెరగలేదు. వాపు లక్షణాలు ముదిరి బాధపడినవాళ్ళు వాళ్ళలోనే తక్కువ. అంటే చెయ్యి పనికి భయపడదు, ఒక్కసారిగా మీద పడే పనికి భయపడుతుంది. మొదటి వారం అరగంట, ఆ తర్వాత ముప్పావుగంట, అలా పెరగాలి. పండగ వారంలో ఒక్కసారిగా పది గంటలు కూర్చుంటే మాత్రం చెయ్యి తన మాట తను చెబుతుంది. గాజులు బిగుతైనా, ఉంగరం తిరగకపోయినా, జాకెట్టు చెయ్యి ఒకవైపే పట్టేసినా అది మొదటి గుర్తు. ఆ రోజు మెషీన్ మూసి ఫిజియోథెరపిస్టును కలవాలి.

అలసట గురించి కూడా ఒక మాట. ఈ అలసట పడుకుంటే పోయేది కాదు. వైద్యం ముగిసిన నెలల తర్వాత కూడా ఉంటుంది, చెప్పకుండా వస్తుంది. దీనికి విశ్రాంతి ఒక్కటే మందు కాదనీ, రోజూ కాస్త నడక లాంటి వ్యాయామమే ఎక్కువ పనిచేస్తుందనీ ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. మెషీన్ దగ్గర కూర్చుంటే సాయంత్రం నడక పోతుందనుకుంటే వదులుకోవాల్సింది మెషీన్నే.

ఇక చీర దగ్గరికి వద్దాం. పని రుచి తెలిసేది ఇక్కడే.

పాత చీర చేతికి రాగానే మురిసిపోయి కత్తెర పెట్టకూడదు. ముందు కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టి చూడాలి. పట్టు చీర ఎక్కువగా మడతల వెంటే చిట్లుతుంది, ఎందుకంటే ఏళ్ళ తరబడి అదే మడతలో ఉంటుంది. చెమట తగిలిన చోట, ఎండ తగిలిన చోట పట్టుపోగు ముందే నీరసించి ఉంటుంది. మడత గీతకు రెండు వైపులా రెండు బొటనవేళ్ళు ఉంచి మెల్లగా లాగండి. సన్నగా పరపరమన్న శబ్దం వస్తే, ఆ గుడ్డ కుట్టు బరువు మొయ్యదు. పైకి ఎంత మెరుస్తున్నా సరే. అలాంటి గుడ్డకు అడుగున ఇస్త్రీతో అంటుకునే ఫ్యూజింగ్ వేసి సంచులకో, దిండు గలీబులకో వాడుకోవచ్చు. పట్టులంగాకు పనికిరాదు, ఎందుకంటే కుచ్చుల బరువంతా నడుం కుట్టు మీదే పడుతుంది.

తర్వాత రంగు. తెల్ల నూలు గుడ్డను తడిపి చీర మీద, ముఖ్యంగా ముదురు ఎరుపు, మెరూన్ అంచు మీద నొక్కి చూడాలి. గుడ్డకు రంగు అంటితే, దాన్ని లేత రంగు బట్టతో కలిపి కుట్టకూడదు. ఇది అసలు పట్టేనా అన్న అనుమానం ఉంటే కొంగు చివర్నించి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో వెలిగించండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. పాలిస్టరయితే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. జరీ సంగతీ ఇంతే. పాతకాలపు అసలు జరీ వెండితీగ, కాలం గడిస్తే నల్లబడుతుంది కానీ ఇస్త్రీకి తట్టుకుంటుంది. ఇప్పటి చవక జరీలో చాలా భాగం మెరుపు పూసిన ప్లాస్టిక్, వేడిగా ఇస్త్రీ పెడితే ముడుచుకుపోతుంది. అది పోయాక ఎవరూ ఏమీ చెయ్యలేరు, కాబట్టి మూలన ఒక అంగుళం మీద ముందు పరీక్షించాలి.

మొదట్లో చేతికి గద్వాల చీరలు దొరికితే అదృష్టమే అంటాను. వాటిలో ఒంటిభాగం నూలు, అంచూ కొంగూ పట్టు. వాడకంలో ముందు పోయేది నూలు భాగం, అంచు మాత్రం దిట్టంగా మిగులుతుంది. ఆ అంచును కత్తిరించి తీసి కొత్త మంగళగిరి నూలు బట్టకు కుడితే డ్రెస్సుకి దర్జా వస్తుంది, కస్టమరుకు అమ్మ చీర గుర్తుంటుంది. ముందు అంచుకు కుట్టిన ఫాల్సు విప్పడం మాత్రం ఓపిక పని. కత్తెర మొనతో కుట్టు లాగేస్తే పట్టుపోగు కూడా తెగుతుంది. టైలరింగ్ సామాన్ల షాపుల్లో కుట్లు విప్పే చిన్న కొక్కెం దొరుకుతుంది. దాంతో నాలుగైదు కుట్లకొకటి తెంపుతూ పోయి, వెనక వైపు దారాన్ని మెల్లగా లాగితే అంచు చెక్కుచెదరకుండా ఫాల్సు ఊడి వస్తుంది. సోఫాలో ఆనుకుని, చెయ్యి దిండు మీద పెట్టుకుని చేసుకోగలిగిన పని ఇది. ఓపిక తక్కువగా ఉన్న రోజుకి దీన్ని దాచుకోవాలి.

మరో జాగ్రత్త ఉంది. కీమో నడుస్తున్న రోజుల్లో, ఇచ్చిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు ఎవరింట్లోంచో వచ్చిన, బూజు వాసన కొట్టే పాత బట్టల మూట విప్పకూడదు. ఇంట్లో ఇంకొకరు మాస్కు కట్టుకుని బయట దులిపి, నూలు బట్టలయితే వేడినీళ్ళలో ఉతికి, పట్టు అయితే నీడపట్టున గాలికి ఆరేసి లోపలికి తేవాలి. నన్నడిగితే కీమో పూర్తయ్యేదాకా వ్యాపారం మొదలుపెట్టనే వద్దు. డిజైన్లు గీసుకోండి, ఫోన్లో ఫోటోలు దాచుకోండి, అంతే.

ఇప్పుడు లెక్క. అంకెలు ఊహించి వేస్తున్నాను, మీ ఊరి ధరలతో మార్చుకోండి. పదేళ్ళ పాపకు పాత చీరతో పట్టులంగా, జాకెట్టు అనుకుందాం. చీర పరీక్షించి ఫాల్సు విప్పి, అంచు వేరుచెయ్యడానికి గంటన్నర. ఇస్త్రీ చేసి ఏ ముక్క ఎక్కడికి వస్తుందో చూసుకోవడానికి అరగంట. కత్తిరించడానికి గంట. లైనింగ్, కుచ్చులు, జాకెట్టు కుట్టడానికి నాలుగు గంటలు. చేతికుట్టు, హుక్కులకు గంట. కొలతలు, మాటలు, మళ్ళీ తొడిగి చూడటం, అన్నీ కలిపి ఇంకో గంట. మొత్తం తొమ్మిది గంటలు. పదిహేను వందలు తీసుకుని లైనింగుకీ దారానికీ మూడు వందలు పోతే మిగిలేది పన్నెండు వందలు, గంటకు 133 రూపాయలు.

మీకు వారంలో నాలుగు మంచి రోజులు, రోజుకి మూడు గంటల ఓపిక ఉందనుకుంటే నెలకు 48 గంటలు. అయిదు లంగాలు, ఆరు వేలు. అంతకు మించి ఒప్పుకుంటే అది రేపటి ఓపికను ఇవాళే అప్పు తెచ్చుకోవడం.

అదే చీరలోని చిట్లిన భాగం పక్కనపెట్టి, మంచి ముక్కలతో పొట్లీ సంచి కుడితే ఒక్కోదానికి నలభై నిమిషాలు పడుతుంది. నూట యాభైకి అమ్మి ఖర్చు ముప్ఫై తీసేస్తే గంటకు 180 రూపాయలు. ధర చిన్నదే అయినా ఓపికకు దక్కేది ఎక్కువ. పైగా కొలతల్లేవు, బిగుతు వదులు గొడవ లేదు, నీరసంగా ఉంటే సంచిని సగంలో ఆపి రేపు కుట్టుకోవచ్చు. చిక్కల్లా అమ్మకంలో ఉంది. సంచులు విడివిడిగా అమ్ముడుపోవు. గృహప్రవేశానికో సీమంతానికో రిటర్న్ గిఫ్టులుగా యాభై కావాలంటారు, ముహూర్తం నాటికల్లా కావాలంటారు. దానికి మార్గం, ఆర్డరు రాకముందే మంచి రోజుల్లో కుట్టి పెట్టుకోవడం. డబ్బాలో అరవై సంచులుంటే ముహూర్తం మిమ్మల్ని పరుగెత్తించలేదు. పట్టులంగా నెలకు ఒకటి రెండు, మిగతా సమయం సంచులు, గలీబులు అనేది నా మొగ్గు. ముఖ్యంగా మొదటి ఏడాది.

విప్పే గంటన్నరకు మన దగ్గర ఎవరూ కూలీ అడగరు. "చీర మాదే కదమ్మా, కుట్టుకూలీయే కదా" అంటారు. నిజానికి కొత్త తానుగుడ్డతో కుట్టడం కంటే ఇదే కష్టం. అందుకే విప్పడానికి ఇంత, కుట్టడానికి ఇంత అని రెండు వరుసలుగా రాసి ఇవ్వడం మంచిది. కాగితం మీద కనిపిస్తే బేరం కాస్త తగ్గుతుంది.

చీర తీసుకునేటప్పుడే కస్టమర్ల ముందే పరిచి, ఉన్న చిరుగులూ మరకలూ ఫోన్లో ఫోటో తీసి వాళ్ళకే వాట్సాప్‌లో పంపండి. అమ్మ చీర అంటే డబ్బుతో తీరే నష్టం కాదు. తర్వాత మాట పడేకంటే ముందు ఒక్క ఫోటో నయం. గడువు గురించి మాట్లాడేటప్పుడు కూడా మొహమాటం పనికిరాదు.

"పండక్కి ఇచ్చేస్తావుగా అమ్మా?"

"పండక్కని మాటివ్వలేను పిన్నిగారూ. నా వరస వచ్చి కత్తెర వేసే రోజు ఫోన్ చేస్తాను. ఆ రోజు నుంచి పది రోజుల్లో మీ చేతిలో పెడతాను."

చీర ఇచ్చిన రోజు నుంచి లెక్కపెడితే మీ మీద ఒత్తిడి. కత్తెర వేసిన రోజు నుంచి లెక్కపెడితే పగ్గం మీ చేతిలో ఉంటుంది. జబ్బు సంగతి చెప్పాలా అంటే, చెప్పాల్సిన పని లేదు. జాలితో వచ్చే మొదటి ఆర్డరు తర్వాత రెండోది రావడం అరుదు. పైగా కొందరు "పాపం, తనని ఇబ్బంది పెట్టడమెందుకు" అని వేరే టైలరు దగ్గరికి పోతారు.

క్యాలెండరు కూడా ముందే పక్కన పెట్టుకోవాలి. మన కుట్టుపని ఏడాదంతా ఒకేలా ఉండదు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, తర్వాత బతుకమ్మ, దసరా, మళ్ళీ సంక్రాంతి, నడుమ పెళ్ళి ముహూర్తాలు. ఆషాఢంలో, మూఢంలో మెషీన్లు చల్లబడతాయి. వైద్యం తర్వాత మొదటి మూడేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి చెకప్ ఉంటుంది, ఏటా మామోగ్రామ్ ఉంటుంది. డాక్టరు ఒప్పుకునే మేరకు ఆ తేదీల్ని మూఢంలోకి జరుపుకోగలిగితే మంచిదే. జరగకపోతే ఆ వారానికి ఆర్డర్లు తీసుకోవద్దు. పరీక్షల ముందు నాలుగు రోజులు చెయ్యి పనిచేసినా మనసు పనిచెయ్యదని దాన్ని అనుభవించినవాళ్ళందరికీ తెలుసు. తప్పు కత్తిరింపులు జరిగేది అలాంటి రోజుల్లోనే.

కాగితాల పని అనుకున్నంత లేదు. చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జూలై 1 నుంచి ఉంది. ఆధార్‌తో ఆన్‌లైన్లో పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదు. కస్టమరు చీరను కుట్టి ఇవ్వడం చట్టం దృష్టిలో సేవ, ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సేవ లేకుండా సొంత సరుకు మాత్రమే తయారుచేసి అమ్మితే ఆ హద్దు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ఆ హద్దులకు చాలా దిగువనే ఉంటాం కదా అని ఊరుకోకండి. సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే ఈ మినహాయింపు మామూలుగా వర్తించదు, హస్తకళల జాబితాలో ఉన్నవాటికి మాత్రం కొంత వెసులుబాటు ఉంది. విజయవాడలో కుట్టిన సంచి కోదాడలో అమ్మినా అది వేరే రాష్ట్రమే. బయటి ఊళ్ళకు పంపే ఆలోచన ఉంటే ముందు ఒక అకౌంటెంటును అడగండి.

అప్పు విషయంలో నేను పిసినారిని. వాయిదా తేదీకి మీ ఒంట్లో బాగోలేదని తెలియదు. బంగారం తాకట్టు పెట్టి ఇండస్ట్రియల్ మెషీన్ కొనడం, దాని కోసం ఓపికకు మించి ఆర్డర్లు ఒప్పుకోవడం, మళ్ళీ మంచం ఎక్కడం, ఇదంతా ఒకే దారి. మొదటి ఆరు నెలలు ఇంట్లో ఉన్న మెషీన్, మంచి కత్తెర, కొత్త సూదులు చాలు. మొద్దుబారిన సూది పట్టులో పోగులు లాగి గీతలు పెడుతుంది, సూది మార్చడంలో మాత్రం పిసినారితనం వద్దు.

ఆ తర్వాత సాయం కావాలంటే 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం ఉంది. దాని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయల దాకా, 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష దాకా రుణం ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే వర్తిస్తుంది, ప్రభుత్వోద్యోగుల కుటుంబాలకు వర్తించదు. ముందు అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ ఉంటుంది, రోజుకు 500 రూపాయల భత్యం ఇస్తారు. రోజంతా శిక్షణలో కూర్చోగల స్థితికి వచ్చాకే పేరు రాయించుకోండి. ఇంకో మెలిక ఉంది: ముద్రా రుణం ముందే తీసుకుని ఇంకా తీర్చకుండా ఉంటే విశ్వకర్మకు అర్హత ఉండదు. బ్యాంకు మేనేజరు ముద్రా శిశు కింద యాభై వేలు ఇస్తానంటే వెంటనే సంతకం పెట్టకుండా, ఈ రెండింటిలో ఏది ముందో తేల్చుకోండి. డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్ళు అక్కడి అప్పును కూడా ఇదే లెక్కలో వేసుకోవాలి, ఎందుకంటే ఆ వాయిదా మీరు కట్టలేకపోతే సంఘంలోని మిగతావాళ్ళ మీద పడుతుంది.

పని పెరిగితే మెషీన్ కంటే ముందు మనిషిని వెతకండి. బరువైన ఇస్త్రీ, పొడవాటి కుట్లు, పికో, ఓవర్‌లాక్ వీధి చివరి టైలరుకు కూలీకి ఇచ్చేయవచ్చు. చీరను చదవడం, ఎక్కడ కత్తెర పెట్టాలో తేల్చడం, చివర్న చేతికుట్టు మీ దగ్గర ఉంచుకోండి. ఆ కూలీని ధరలో మొదటి రోజు నుంచే కలిపి చెప్పండి. ఇప్పుడు అన్నీ మీరే చేస్తున్నా సరే. ఏదో ఒక నెల మీ చెయ్యి మొరాయించినప్పుడు, ఆ డబ్బుతోనే పని బయటికి వెళ్ళి తిరిగి వస్తుంది, కస్టమరుకు ధర మార్చి చెప్పాల్సిన అవసరం రాదు.